దుబ్బకు దూరం

నీలి అనే ఆ పిల్ల ఊపిరితిత్తుల్లో చుక్కలు కదలడం లేదు.

సుమన కుర్చీని తెర దగ్గరికి జరుపుకుని మళ్లీ చూసింది. పొద్దున నీలి చేత పీల్పించిన పొడి, కంటికి ఆననంత సన్నటిది, ఆ పిల్ల రెండు ఊపిరితిత్తుల్లోనూ చక్కగా పరుచుకుంది. ఆ పొడికి అంటించిన రేడియోధార్మిక గుణం కొన్ని గంటల్లో దానంతట అదే చల్లారిపోతుంది. ఆలోగా, వీపు వెనక నిలబెట్టిన కెమెరా ఆ పొడి ఎక్కడుందో, ఎటు కదులుతోందో చుక్కలు చుక్కలుగా చూపిస్తుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషిలో ఆ చుక్కలు మధ్యాహ్నానికల్లా పెద్ద గాలి గొట్టాల్లోకి చేరి, గొంతు వైపు ఎక్కుతూ పలచబడతాయి. గాలి గొట్టాల లోపలి గోడలకు సన్నటి నూగు ఉంటుంది. వరి చేను గాలికి ఊగినట్టు ఆ నూగంతా ఒకే దిక్కుకు ఊగుతూ, పైనున్న జిగురునూ దానికి అంటుకున్న దుమ్మునూ పైకి తోసేస్తుంది. మనం దాన్ని తెలియకుండానే మింగేస్తాం, లేదా ఖాండ్రించి ఉమ్మేస్తాం. నీలి విషయంలో మధ్యాహ్నం దాటిపోయింది. చుక్కలు మాత్రం పొద్దున ఎక్కడున్నాయో ఇంచుమించు అక్కడే ఉన్నాయి.

"కెమెరా బాగనే ఉన్నదా వెంకటేష్?" అని అడిగింది.

కెమెరా నడిపే వెంకటేష్ తల ఊపాడు. "బాగనే ఉంది మేడం. దీనికి ముందు యోసేపు కూసున్నడు గద, ఆయనకు మంచిగనే వచ్చింది."

యోసేపు క్రషర్ కాడ వంట చేసే మనిషి. రాళ్లు పగలగొట్టే చోటికి అతని పొయ్యి దూరం. నీలి మాత్రం నాలుగేళ్లుగా జల్లెడ కింద కంకర ఎత్తుతోంది. ఇంకా పాతికేళ్లు నిండలేదు. ఎక్స్‌రే అద్దంలా ఉంది. దగ్గు కూడా లేదంది. సుమన ఇన్నేళ్లుగా ఉందని నమ్మి, చూపించలేక తిరుగుతున్న సంగతి ఇదే. రోగం ఎక్స్‌రేలో పడక ముందే, మనిషికి ఆయాసం తెలియక ముందే, ఆ నూగు అలిసిపోతుంది. తన చదువంతా ఆ ఒక్క మాట కోసమే సాగింది. ఆ మాట ఇప్పుడు తెర మీద కనబడుతుంటే ఆమెకు సంతోషపడాలనిపించలేదు. ఎందుకంటే అక్కడ కూర్చున్నది తమ తండా పిల్ల.

నెల్లికుదురుకూ పెద్దవంగరకూ నడుమ ఉంటుంది ఆ తండా. సుమన తండ్రి భోజ్యా కూడా క్రషర్ పనికే పోయేవాడు. వారానికోసారి ఇంటికొచ్చేవాడు. పొద్దున లేవగానే ఇంటి వెనక కూర్చుని దగ్గి దగ్గి గల్ల ఊంచేవాడు. అది బూడిద రంగులో ఉండేది. చిన్నపిల్ల సుమన భయపడి చూస్తుంటే నవ్వి, "లోపటి దుబ్బ బయటికొస్తున్నది బిడ్డా, మంచిదే" అనేవాడు. వాళ్లు ధూళిని దుబ్బ అనే అంటారు. బయటికి వస్తే మంచిదే అని ఆమె కూడా చాలాకాలం నమ్మింది. మహబూబాబాదులో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతున్నప్పుడు తండ్రి పోయాడు. దవాఖానలో టీబీ అన్నారు, టీబీ మందులే ఇచ్చారు. అవి పని చేయలేదు. అన్నేళ్లు రోజూ అంత దుబ్బ బయటికి వస్తే, మరి ఆయన ప్రాణం తీసిన దుబ్బ ఏది? ఈ ప్రశ్న ఆ పిల్లను వదల్లేదు.

హనుమకొండలో ఫిజిక్సు చదివింది. హైదరాబాదులో పరిశోధనలో చేరింది. అక్కడ తెలిసింది జవాబు. గల్లలో కనబడేది ముతక దుబ్బ. అది పై గొట్టాల్లోనే ఆగి, నూగు తోస్తే వచ్చేస్తుంది. కనబడని సన్నటి రాతిపొడి నూగు కూడా లేని అడుగుకు దిగిపోయి అక్కడే ఉండిపోతుంది. పైన ఊడ్చే నూగు అలిసిపోయిన కొద్దీ, అడుగుకు దిగేది ఎక్కువవుతుంది. అక్కడి నుంచి ఆమె జీవితమంతా ఊపిరితిత్తులు తమను తాము ఎలా ఊడ్చుకుంటాయన్న దాని మీదే గడిచింది. నిద్రలో ఆ ఊడ్పు ఎంత మందగిస్తుందో చూసింది. చలికి, పొగకు, వయసుకు ఏమవుతుందో చూసింది. పరదేశాల వాళ్లు కూడా ఆమె వ్యాసాలు చదివి ఉత్తరాలు రాశారు. కానీ ఆమె కెమెరా ముందు కూర్చున్నవాళ్లందరూ ఎక్కువగా కాలేజీ పిల్లలు, ఆరోగ్యవంతులు. క్రషర్ మనుషులను కూర్చోబెట్టనిదే అసలు సంగతి తేలదని ఆమెకు తెలుసు. తెలిసీ చాలా ఏళ్లు ఆ పని వాయిదా వేసింది. కెమెరాలో ఏం కనబడుతుందోనని భయం.

చివరికి తమ్ముడి దగ్గరికే పోవలసి వచ్చింది. తండ్రి పోయేనాటికి ప్రకాశ్ చేతుల మీది పిల్లవాడు. తల్లి కమ్లీ మిరపకాయల తొడిమలు తీసి ఇద్దరినీ సాకింది. వాడికి చదువు అబ్బలేదు. తండ్రి పనిలోకే పోయి, ఇప్పుడు జఫర్‌గఢ్ అవతల గుట్ట పక్కనున్న క్రషర్‌లో మేస్త్రీ అయ్యాడు. తండా నుంచి మనుషులను తీసుకుపోయి పనిలో పెట్టేది అతనే. హైదరాబాదు వచ్చెయ్, తన సంస్థలోనే ఏదన్నా పని చూస్తానని సుమన ఎన్నోసార్లు చెప్పింది. "ఈడ పది మందికి మేస్త్రీని. ఆడ నీ గేటు కాడ నిలవడి నీకే సలాం కొట్టాల్నా?" అని నవ్వేసేవాడు. పరీక్షల సంగతి చెప్పినప్పుడు మాత్రం నవ్వలేదు. "బాపు లెక్క ఎవరు పోవద్దు. నేను తోల్కొస్త అందర్ని. కని సేట్‌ను అడగాలె నువ్వు" అన్నాడు.

సేట్ వెంకట్రాజంది జనగామ. బజారులో తాతల నాటి పప్పుల హోల్‌సేల్ కొట్టు ఉంది. క్రషర్ తరువాత పెట్టింది. సుమన వెళ్లినప్పుడు బస్తాల మధ్య కుర్చీ వేయించి, చాయ్ తెప్పించి, ఆమె చెప్పినదంతా ఓపిగ్గా విన్నాడు.

"మంచి పనే అమ్మా. నేను నీళ్లు కొట్టిస్తున్న, మూతికి గుడ్డలిచ్చిన. అయినా ఎవడో ఒకడు అర్జీ పెడుతనే ఉంటడు. మీరు చూసి, మావోళ్లు మంచిగున్నరని రాసియ్యుండ్రి."

"ఉన్నది ఉన్నట్టు రాస్త సార్. అందరిదీ కలిపి మీకు ఇస్త. ఎవరిది ఎట్లున్నదో పేర్లు మాత్రం ఇయ్య. ఎవళ్లది వాళ్లకే చెప్త."

"పేర్లు నాకెందుకమ్మా?" అన్నాడాయన. ఆ మాట అన్నప్పుడు ఆయన నిజంగానే అన్నాడని సుమనకు ఇప్పటికీ నమ్మకం.

అలా మొదలైంది. వారానికి కొందరు చొప్పున ప్రకాశ్ వాళ్లను హైదరాబాదు తీసుకొచ్చాడు. పరీక్షలన్నీ అయ్యేసరికి ఎండలు ముదిరాయి. నీలి ఒక్కతే కాదు. జల్లెడ దగ్గరా, బండలు పోసే దగ్గరా పని చేసేవాళ్లలో చాలామందికి చుక్కలు నత్తల్లా కదిలాయి.

ఒక ఆదివారం పొద్దున సుమన తండాకు వెళ్లింది. తల్లి ఇంటి వసారాలో కూర్చుని, మాటిచ్చినట్టే ఒక్కొక్కరినీ విడిగా పిలిచి చెప్పింది. బాగున్నవాళ్లు నవ్వుతూ లేచిపోయారు. బాగులేనివాళ్లు తల ఊపి, ఇంకేమీ అడగకుండా వెళ్లారు. నీలి మాత్రం కూర్చుండిపోయింది.

"ఎక్స్‌రే ఫోటో మంచిగొచ్చిందంటివి గదక్కా?"

"వచ్చింది. రోగం ఇంకా రాలే. రాకముందే కనబడ్డది. లోపల దుబ్బను ఊడ్చే నూగు అలిసిపోయింది నీకు."

"అలిసిపోతే జరసేపు కూసుంటే పోతది గద."

"కూసోవాలె. కని జరసేపు గాదు. దుబ్బకు దూరముండాలె. కొన్ని నెలలుంటే కొంత కోలుకుంటది."

"ఎంత?"

"అది నేను చెప్పలేను నీలీ. మనిషిని బట్టి ఉంటది."

నీలి తన అరచేతుల వైపు చూసుకుంది. "దుబ్బకు దూరముండుమంటే పనికి దూరముండుమన్నట్టే. మరి నేనేం జెయ్యాలె?"

 సుమన నాలుక మీదికి వచ్చిన మాట అనేసింది: "ప్రకాశ్‌తోని మాట్లాడుత. దుబ్బ తక్కువున్న కాడ పని ఇప్పిస్తడు."

ప్రకాశ్ విని తల గోక్కున్నాడు. "నీళ్ల ట్యాంకరు కాడ ఒక జాగ, వంట కాడ ఒక జాగ. గింతమందికి యాడికెల్లి తేవాలె అక్కా? చూస్త గని."

వెంకట్రాజానికి ఇవ్వవలసిన కాగితం కూడా ఆమె ఇచ్చేసింది. అందులో ఒక్క పేరు లేదు. నీళ్లు కొట్టినా సన్నటి దుబ్బ ఆగడం లేదని, ఎక్స్‌రే బాగున్నవాళ్లలో కూడా ఊపిరితిత్తుల ఊడ్పు మందగించిందని, జల్లెడకూ బెల్టుకూ మూతలు వేయించాలని రాసింది. ఆయన చదివి, "చూద్దామమ్మా" అన్నాడు.

కొన్నాళ్లకు కమ్లీ ఫోన్ చేసింది. ఆమె ఎప్పుడూ కూతురిని తిన్నావా అని అడగందే మాట మొదలుపెట్టదు. ఆ రోజు అడగలేదు.

"నీ పరీక్ష తోని మంది కూలి పోయింది బిడ్డా. జర వచ్చిపో" అంది.

జరిగింది ఇదీ. కూలి ఇచ్చే రోజున క్రషర్ మేనేజరు రాజలింగు గేటు కాడ నిలబడి, ఒక్కొక్కరి భుజం మీద చెయ్యేసి, సొంత మనిషిలా అడిగాడు: "డాక్టరమ్మ నీకేం జెప్పిందే?" బాగున్నవాళ్లు బాగున్నామన్నారు. బాగులేనివాళ్లలో తెలివైనవాళ్లు కొందరు అబద్ధం చెప్పారు. నీలికి అబద్ధం చెప్పాలని తట్టనే లేదు. మంచి చెడ్డలు అడుగుతున్నాడనుకుని, నూగు అలిసిపోయిందట అని, డాక్టరమ్మ చెప్పినదంతా పూస గుచ్చినట్టు చెప్పింది. "అయ్యో, గట్లనా? మంచిగై రా బిడ్డా" అన్నాడు రాజలింగు. అలా నిజం చెప్పినవాళ్లనూ, చెప్పలేక నీళ్లు నమిలినవాళ్లనూ మరునాటి నుంచి గేటు లోపలికి రానివ్వలేదు. వాళ్ల జాగాలో కొత్తవాళ్లను తెమ్మని ప్రకాశ్‌కు చెప్పారు.

సుమన వెళ్లేసరికి తండాలో ఎవరూ పలకరించలేదు. చిన్నప్పుడు ఎత్తుకు తిప్పిన ముసలమ్మలు కూడా తలలు తిప్పుకున్నారు. ప్రకాశ్ వసారాలో నిలబడే మాట్లాడాడు, కూర్చోలేదు.

"పేర్లు చెప్పనంటివి. చెప్పలే. కని నువ్వు చెప్పకున్నా గాళ్ల నోటితోనే చెప్పిచ్చుకున్నరు. గీ సంగతి నీకు తట్టలేదా అక్కా? గంత సదివితివి!"

"తట్టలేదు" అంది సుమన. నిజంగానే తట్టలేదు.

"నా మాట మీద వచ్చిన్రు వాళ్లు. మేస్త్రీ అక్క గదా, మంచే జేస్తదని వచ్చిన్రు. ఇప్పుడు నన్ను సూత్తే ఊంచుతున్నరు."

"నువ్వు కొత్తోళ్లను తీస్కపోకు. అందరూ ఆగితే..."

"ఆగితే? నా పిల్లలు తినొద్దా?" అని గొంతు పెంచాడు. కమ్లీ లోపలి నుంచి వచ్చి ఇద్దరి మధ్యా చాయ్ గిన్నె పెట్టింది. ఎవరూ ముట్టుకోలేదు. వాడు చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. ఆ తరువాత చాలా నెలలు అక్కతో మాట్లాడలేదు.

"నీలి యాడున్నది యాడీ?" అని తల్లిని అడిగింది సుమన. యాడి అంటే వాళ్ల ఇంటి భాషలో అమ్మ.

"భూపాలపల్లి దిక్కు పోయింది. ఆడ ఇంకోటేదో క్రషరట" అంది కమ్లీ.

మరుసటి వారమే సుమన వెతుక్కుంటూ పోయింది. భూపాలపల్లి దాటాక బొగ్గు లారీల రోడ్డు వదిలి అడవి పక్కగా లోపలికి పోతే, దూరం నుంచే చెట్లు తెల్లగా కనబడ్డాయి. టేకు ఆకుల మీద పిండి చల్లినట్టు రాతిపొడి పేరుకుంది. అక్కడ నీళ్లు కొట్టే పైపు లేదు, మూతికి కట్టుకోవడానికి ఇచ్చిన గుడ్డా లేదు. నీలి పైట చెంగునే ముఖానికి బిగించి కట్టుకుని తట్ట మోస్తోంది. సుమనను చూడగానే తట్ట దించి, చెట్ల చాటుకు లాక్కుపోయింది.

"నన్ను గుర్తువట్టనట్టు పో అక్కా. ఈడ నా పేరు వేరే జెప్పిన. పరీక్ష జేసిన్రని తెలిస్తే ఈడ గూడ ఉంచరు."

"ఆడికంటే ఈడ ఇంకా అన్యాయం నీలీ. కనీసం నీళ్లన్న కొడుతలేరు. తండాకు రా. ఏదన్న..."

"ఏదన్న అంటే ఏంది? నువ్వు గప్పుడు గూడ గట్లనే అన్నవు." నీలి గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "తెల్వకముందే మంచిగుంటుండె అక్కా. దగ్గొస్తే దగ్గనుకునేది. ఇప్పుడు చిన్నగ దగ్గొచ్చినా, నూగు ఇంకెంత మిగిలిందో అనుకుంటున్న. పండుకుంటే అదే, లేస్తే అదే."

అవతల ఎవరో కేకేశారు. నీలి చెంగు మళ్లీ బిగించుకుని వెళ్లిపోయింది. సుమన కారు దాకా నడిచి, తలుపు తీసి, ఎక్కకుండా నిలబడిపోయింది. ఆమె చెప్పుల మీద, చీర కుచ్చిళ్ల మీద తెల్లటి పొడి పడింది. దులుపుకోవాలనిపించలేదు.

అక్కడి నుంచి నేరుగా జనగామ వెళ్లింది. కొట్లో వెంకట్రాజం ఎప్పటిలాగే లేచి నిలబడి కుర్చీ వేయించాడు. ఆమె కూర్చోలేదు.

"పేర్లు నాకెందుకన్నరు మీరు."

"నేను మిమ్మల్ని అడగలే గదమ్మా."

"వాళ్లను అడిగిపిచ్చిన్రు. మూతలు ఎయ్యుండ్రని రాసిస్తే మనుషులను తీసేసిన్రు."

వెంకట్రాజం చేతులు కట్టుకున్నాడు. "మీరే జెప్పిన్రు, వాళ్లు దుబ్బకు దూరముండాలెనని. దూరం జేసిన. రేపు నా క్రషర్ల పని చేసుకుంట ఎవడన్న సస్తే, తెలిసి కూడ పనిల పెట్టుకున్నవని నన్ను జైల్ల ఏస్తరు. తెల్వకముందు అది వాళ్ల ఖర్మ. తెలిసినంక నా నేరం. మీరే చెప్పుండ్రి, నా జాగల మీరుంటే ఏం జేస్తరు?"

"మూతలు ఏస్త" అంది సుమన.

"ఏద్దామమ్మా. ఒక్కటొక్కటే" అన్నాడాయన.

తిరుగు దారిలో ఆ మాటలే ఆమెను తొలిచాయి. ఆయన దొంగ మాటలు చెప్పలేదు. చెప్పినవి ఆమె మాటలే. అందుకే మంట ఎక్కువైంది.

ఆ ఏడు చివరకు ఆమె వ్యాసం అచ్చయింది. ఎక్స్‌రేకు అందని దాన్ని ఆమె కెమెరా పట్టుకుందని ఎక్కడెక్కడి వాళ్లో మెచ్చుకున్నారు. వైద్య పరికరాలు అమ్మే ఒక పెద్ద కంపెనీ మనుషులు సంస్థకు వచ్చారు. ఈ పరీక్షను చిన్నది చేసి, పొడీ కెమెరా అక్కరలేకుండా ఒక డబ్బాలో పట్టేలా చేస్తామన్నారు. గనుల్లో, క్రషర్లలో, సిమెంటు పనుల్లో మనిషిని చేర్చుకునే ముందే గొట్టంలో ఊదించి చూసుకోవచ్చన్నారు. సుమన పై అధికారి వీరేందర్ ఉబ్బితబ్బిబ్బయ్యాడు.

"ఇరవై ఏళ్ల కష్టం సుమనా! నీ పని గదిలోంచి బయటికి పోతున్నది. ఇంతకంటే ఏం కావాలె?"

రెండేళ్ల కిందటైతే ఆమె కూడా అదే అనేది. ఇప్పుడు ఆమె కళ్ల ముందు గేటు కాడ నిలబడ్డ రాజలింగే కనబడుతున్నాడు. రేపటి నుంచి వాడు భుజం మీద చెయ్యేసి అడగనక్కరలేదు. గొట్టం చేతికిచ్చి ఊదమంటే చాలు.

"ఊదించి ఏం జేస్తరు సార్? అలిసిపోయినోళ్లను ఏరి పారేసి, అలిసిపోనోళ్లను తీస్కపోయి అలిసిపోయేటట్టు జేస్తరు. నేను చేయను."

"నువ్వు కాదంటే ఇంకొకరు చేస్తరు. వ్యాసం అచ్చులోనే ఉంది గద."

"చేస్తరు" అంది సుమన. అది నిజమని ఆమెకు తెలుసు. ఆ తరువాత ఆమె గదికి వచ్చిపోయేవాళ్లు తగ్గారు. ఆమె దగ్గర పని నేర్చుకున్న ఒకతను ఆ కంపెనీలో చేరిపోయాడు. వెంకటేష్ కూడా, తల వంచుకుని చెప్పి మరీ, వేరే విభాగానికి మారిపోయాడు. కెమెరా గదిలో ఒక్కతే కూర్చున్న రోజుల్లో ఆమె తనను తానే నిలదీసుకునేది. ఇన్నేళ్లూ చూసింది ఊపిరితిత్తులనే. దుబ్బను చూడలేదు. ఊపిరితిత్తుల మీద మనిషి పేరు ఉంటుంది. పేరు ఉన్న దాన్ని ఎవరైనా పట్టుకుని బయటికి నెట్టగలరు. దుబ్బ ఏ మిషను నుంచి లేస్తుందో ఆ మిషనుదే.

చలికాలంలో ఆమె జఫర్‌గఢ్ వెళ్లింది. క్రషర్ బయట కూలీల రేకుల షెడ్ల దగ్గర ప్రకాశ్ బట్టలు ఆరేస్తున్నాడు. అక్కను చూసి చూడనట్టే ఊరుకున్నాడు. ఆమె సంచిలోంచి ఒక చిన్న పంపు తీసింది. నడుముకు కట్టుకునేది. దాని గొట్టం కాలరు దాకా వస్తుంది. గొట్టం కొసన, మనిషి పీల్చే గాలిలోని దుబ్బను పట్టే బిళ్లంత ఫిల్టరు.

"ఇగ ఎవళ్ల ఊపిరి సూత్తవు?" అన్నాడు ప్రకాశ్, అటు తిరిగే.

"ఎవళ్లదీ చూడ. దుబ్బను చూస్త. ఇది కట్టుకున్నోళ్ల పేరు ఎక్కడా ఉండదు. ఏ మిషన్ కాడ కట్టుకున్నరో గదే ఉంటది. మిషన్‌ను మంచిగై రా పో అని ఎవ్వడు ఇంటికి తోలలేడు గద."

ప్రకాశ్ నవ్వలేదు గాని పంపును చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. "సేట్‌కు తెల్వకుంటనా?"

"వద్దు. చాటుగ ఏది వద్దు. తనిఖీ ఆఫీసరుకు అర్జీ పెట్టిన. ఆఫీసరుతోనే వస్త. మీరు కట్టుకుంటరా లేదా, అదొక్కటి చెప్పు."

ప్రకాశ్ షెడ్లలో అందరినీ అడిగి చెప్తానన్నాడు. అడగడానికే కొన్ని వారాలు పట్టింది. ఒకసారి దెబ్బ తిన్నవాళ్లు గనుక రెండోసారి ఊరికే నమ్మలేదు. చివరికి కట్టుకున్నారు. ఫ్యాక్టరీల తనిఖీ ఆఫీసరు ఎదుటే కట్టారు, ఎదుటే విప్పారు. జల్లెడ దగ్గరి ఫిల్టర్లు దాదాపు మూసుకుపోయాయి. గాలిలో దుబ్బ ఉండదగిన దానికి ఎన్నో రెట్లు ఎక్కువని తేలింది. మూతలు వేసేదాకా క్రషర్ ఆపమని హుకుం వచ్చింది.

క్రషర్ ఆగింది. ఆగితే కూలి ఆగింది. ఈసారి కొందరికి కాదు, అందరికీ. తండాలో మళ్లీ సుమన పేరే. "మీ బిడ్డ మమ్మల్ని బతకనియ్యదా?" అని బోరింగు కాడ కమ్లీని నిలబెట్టి అడిగారు. కమ్లీ బిందె ఎత్తుకుని వచ్చేసింది. సుమనకు ఫోన్ చేసి చెప్పి, "నువ్వు ఇప్పుడు రాకు" అంది. సుమన వెళ్లలేదు. ఆ రోజుల్లో ఆమెకు అన్నం సయించలేదు. ఒకసారి పోగొట్టింది చాలక రెండోసారి కూడా పోగొట్టానా అని కుమిలింది.

అదృష్టమో ఏమో, అప్పటికి మిరప కోతలు వచ్చాయి. తండా అంతా మిరప చేలకు పోయింది. అక్కడ కూలి పెరిగింది. వెంకట్రాజం మూతలు బిగించి, బండలు పడే చోటల్లా నీళ్ల తుంపర పెట్టించి, మళ్లీ క్రషర్ మొదలుపెట్టేసరికి మనుషులు దొరకలేదు. జనగామ నుంచి స్వయంగా తండాకు వచ్చి ప్రకాశ్‌ను పిలిచాడు. ప్రకాశ్ ఒక్కటే చెప్పాడట: "తీసేసినోళ్లు వస్తేనే మేమొస్తం సేట్. ఇగ ఎవ్వన్ని ఆరోగ్యం అడగొద్దు. మిషన్లను అడుగుండ్రి." ఆయనకు వేరే దారి లేక ఒప్పుకున్నాడు.

తీసేసినవాళ్లలో చాలామంది తిరిగి చేరారు. ఇద్దరు అప్పటికే మంచం పట్టారు. నీలి జాడ లేదు.

ఇదంతా సుమనకు కమ్లీ ద్వారానే తెలిసింది. ఇంకో సంగతి కూడా ఆమే చెప్పింది. మూతల వల్ల జల్లెడలో రాళ్లు ఇరుక్కుని పని మందగిస్తోందని రాజలింగు ఒక రోజు మూత విప్పించాడట. ప్రకాశ్ మిషను ఆపేసి, మనుషులందరినీ తీసుకుపోయి రేకుల నీడన కూర్చోబెట్టాడు. ఎవరూ అరవలేదు, ఎవరూ కొట్లాడలేదు. మూత మళ్లీ బిగించేదాకా కూర్చున్నారు, అంతే. "నీకు ఫోన్ జెయ్యి అంటే, అక్కెందుకు, మూత మనదే గద అన్నడు" అని కమ్లీ నవ్వింది. సుమన ఫోన్ పట్టుకుని ఏడ్చింది. ఎందుకో ఆమెకే సరిగ్గా తెలియలేదు.

ఎండాకాలంలో నీలి తండాకు వచ్చేసింది. కబురు అందగానే సుమన వెళ్లింది. నీలి చిక్కిపోయింది. నాలుగు మాటలకొకసారి ఆగి ఊపిరి తీసుకుంటోంది. మహబూబాబాదులో తొడిమల పనికి పోతున్నానంది. అక్కడ ఘాటు తప్ప రాతిపొడి లేదని తనే చెప్పింది. సుమన పరీక్షల మాట ఎత్తలేదు, హైదరాబాదు రమ్మని అనలేదు. పక్కన నేల మీద కూర్చుంది.

"క్షమించు నీలీ" అంది.

నీలి ఆ మాట విననట్టే, "భూపాలపల్లి కాడ ఇంకా ఇరవై మంది దాక ఉన్నరక్కా" అంది. "ఆడోళ్లే ఎక్కువ. ఒడిశా నుంచి వచ్చిన్రు. వాళ్లకు తెలుగు రాదు. ఆడ గూడ గా మూతలు పెట్టిస్తవా?"

"అర్జీ పెట్టిన. పోయిన. గేటు కాడనే ఆపిన్రు. లోపల ఎందరున్నరో, యాడ ఉంటరో కూడా తెల్వలే."

"గేటు దిక్కు కెల్లి పోతే గట్లనే అయితది. వాళ్లు గుట్ట ఎనక చెరువు కాడ ఉంటరు. ఆదివారం బట్టలు ఉతుక్కుంటరు. నేనైతే చూపెడత."

"నువ్వు అటు రావద్దు. ఆ దుబ్బలకు..."

"ఆదివారం మిషన్ బందు ఉంటది అక్కా." నీలి కొంచెం దగ్గి, తేరుకుని, అంది: "నువ్వొక్కదానివి పోతే వాళ్లు మాట్లాడరు. నేను వాళ్లతోని తట్ట మోసిన."

 ఆ ఊపిరితిత్తులను చూసిన సుమన చెప్పవలసిన మాట వద్దనే. ఆ మాట ఒకసారి చెప్పి చూసింది. చివరికి, "కారు అద్దాలు ఎక్కించుకుందాం. నీకు కష్టమైతే వెంటనే మర్లుదాం" అంది.

"మర్లుదాం" అంది నీలి.

ఆదివారం పొద్దున ప్రకాశ్ కూడా వస్తానని బయలుదేరాడు. వాళ్లకు చూపించడానికి పంపుల సంచి తీసుకుని వెనక సీట్లో పెట్టుకున్నాడు. నీలి ముందు కూర్చుని, దారి చెప్పడానికి అద్దం దగ్గరికి జరిగింది.